గుర్రం ఎత్తు: హ్యాండ్ల నుంచి సెంటీమీటర్లకు

ఇంగ్లండ్‌లోనో ఐర్లండ్‌లోనో అమ్మకానికి పెట్టిన గుర్రం వివరాల్లో ‘ఎత్తు 15.2 హ్యాండ్లు’ అని ఉంటుంది. హ్యాండ్ అంటే 10.16 సెంటీమీటర్లు కదా అని 15.2ను దానితో గుణిస్తే 154.4 వస్తుంది. గుర్రం అసలు ఎత్తు మాత్రం 157.5. తేడా అంతా ఆ చుక్క దగ్గరే ఉంది.

అరచేతి వెడల్పుతో మొదలైన ఈ కొలతను ఎనిమిదో హెన్రీ కాలంలో ఇంగ్లండ్‌లో 4 అంగుళాలుగా ఖాయం చేశారు. చుక్క తర్వాతి అంకె దశాంశం కాదు, హ్యాండ్ నిండకుండా మిగిలిన అంగుళాలు. క్రికెట్‌లో 15.2 ఓవర్లంటే పదిహేను ఓవర్ల రెండు బంతులు. ఇదీ అంతే. అక్కడ 15.5 తర్వాత 16 వస్తే, ఇక్కడ 15.3 తర్వాతే 16. ఎవరైనా 15.5 హ్యాండ్లని రాస్తే పదిహేనున్నర అనుకుని రాసి ఉంటారు. దాన్ని 15.2 అని రాయాలి.

కొలవడం: గుర్రాన్ని చదునైన గట్టి నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా నిలబెట్టాలి. తల ఎత్తుతుంది, దించుతుంది. అందుకే కొలత తల దాకా తీయరు. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట, మూపు మీద అన్నిటికన్నా ఎత్తైన బిందువు దాకా నిలువుగా తీస్తారు.

మార్చడం:

1. చుక్క దగ్గర విడదీయండి: 15 హ్యాండ్లు, 2 అంగుళాలు.
2. హ్యాండ్లను 4తో గుణించండి: 60 అంగుళాలు.
3. మిగిలిన అంగుళాలు కలపండి: 62.
4. 2.54తో గుణించండి: 157.48 సెం.మీ., అంటే సుమారు 1.57 మీటర్లు.

వెనక్కి మార్చడం: 165 సెం.మీ.ను 2.54తో భాగిస్తే 64.96, దాదాపు 65 అంగుళాలు. 65లో నాలుగులు పదహారు, మిగిలేది ఒకటి. కాబట్టి 16.1 హ్యాండ్లు.

పోనీల పోటీల దగ్గర ఈ తేడా బాగా తెలిసొస్తుంది. అంతర్జాతీయ పోటీలు నడిపే ఎఫ్‌ఈఐ లెక్కలో పోనీ ఎత్తు నాడాలు లేకుండా 148, నాడాలతో 149 సెం.మీ. మించకూడదు. 14.2 హ్యాండ్లంటే 147.32, సరిపోయింది. 14.3 అంటే 149.86, దాటిపోయింది. దాన్నే దశాంశంగా గుణిస్తే 145.3 వచ్చి, గుర్రం కాస్తా కాగితం మీద పోనీ అయిపోతుంది.