షుగర్ ఉన్నవారికి ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్: ఏది ఎక్కడ పనికొస్తుంది?

"మాకు ఆరోగ్యశ్రీ ఉంది కదా, షుగర్ మందులు కూడా అందులోనే వస్తాయి" అని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఈ తేడా తెలియక మందులు ఆపేస్తే కళ్లు, కిడ్నీలు, పాదాలు దెబ్బతింటాయి. అందుకే ఈ పాఠం చివరి వరకు చదవండి.

రెండు పథకాలు కలిశాయి

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. కేంద్రం 2018లో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. దీనిలో కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స ఉంటుంది. 2021లో తెలంగాణ దీనిలో చేరింది. 2023 డిసెంబరులో రాష్ట్రం ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.10 లక్షలకు పెంచింది. పాత జబ్బు ఉందని ఈ పథకాల్లో చికిత్స నిరాకరించరు. షుగర్ ముందు నుంచే ఉన్నా పర్వాలేదు.

ఆసుపత్రిలో చేరితే

ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి తీసుకునే చికిత్సకు. షుగర్ వల్ల పాదానికి ఆపరేషన్ కావాల్సి వచ్చినా, కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ పడినా, ప్యాకేజీ జాబితాలో ఉన్న చికిత్సకు నెట్‌వర్క్ ఆసుపత్రిలో డబ్బు కట్టనక్కర్లేదు. ముందుగా ఆరోగ్యమిత్ర కౌంటర్‌కి వెళ్లి కార్డు చూపించండి. ఎవరైనా డబ్బు అడిగితే 104కి ఫోన్ చేసి చెప్పండి.

రోజూ వాడే మందులు

ఇవి వేరే దారిలో వస్తాయి. 30 ఏళ్లు దాటినవారికి పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, పీహెచ్‌సీల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తారు. షుగర్ ఉందని తేలితే మాత్రలు కూడా అక్కడే ఉచితంగా ఇస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను లేదా ఏఎన్ఎంను అడగండి. పేరు నమోదు చేయించుకుంటే ప్రతి నెలా మందు తీసుకోవచ్చు. ఇన్సులిన్ వాడేవారు అది తమ పీహెచ్‌సీలో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

రికార్డు ఒక్కటే ఉండాలి

ఆసుపత్రి డాక్టరుకు మీ పాత మందులు తెలియకపోతే ఒకే మందు రెండుసార్లు రాసే ప్రమాదం ఉంది. 14 అంకెల ఆభా నంబర్ తీసుకోండి. మీరు ఒప్పుకుంటేనే మీ రిపోర్టులు డాక్టరుకు కనిపిస్తాయి. అది లేకపోయినా, చీటీలన్నీ ఒకే కవర్‌లో పెట్టి ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.

ఏడాదికి ఒకసారైనా అడగాల్సినవి

1. హెచ్‌బీఏ1సీ పరీక్ష: గత మూడు నెలల సగటు షుగర్ చెబుతుంది. దీన్ని ఏడాదిలో రెండుసార్లు చేయించుకుంటే మేలు.
2. కంటి వెనుక పొర (రెటీనా) పరీక్ష: చూపు బాగానే ఉన్నా చేయించండి.
3. మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్: కిడ్నీల కోసం.
4. పాదాల పరీక్ష: స్పర్శ తగ్గిందేమో చూస్తారు.

ఇవి గుర్తుంచుకోండి

షుగర్ కంట్రోల్‌లోకి వచ్చిందని మందు ఆపొద్దు. కంట్రోల్‌లో ఉన్నది ఆ మందు వల్లే. ఒళ్లు వణికి, చెమట పట్టి, కళ్లు తిరిగితే షుగర్ పడిపోయిందేమో అనుకుని వెంటనే పంచదార నీళ్లు తాగండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. కాలి పుండు మానకపోతే ఆలస్యం చేయొద్దు. చిన్నగా ఉన్నప్పుడే పీహెచ్‌సీలో చూపిస్తే కాలు దక్కుతుంది.