ఆ బరువు కాసేపు దించుదాం, రా

ముందు ఆ టీ తాగు చెల్లీ, చల్లారిపోతోంది. తాగుతూ విను.

ఉరవకొండ చుట్టుపక్కల మన ఆడవాళ్ల గుండెల్లో ఏముంటుందో ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు. ఏడాది మొత్తానికి పడే వానే అంతంతమాత్రం. అదైనా బుడ్డలు విత్తాక మొహం చాటేస్తుంది. బోరు వేయించిన అప్పు ఉంటుంది, బోరులో నీళ్లుండవు. ఇంటాయన పనికోసం బెంగళూరులో ఉంటాడు. పొదుపు సంఘం కంతు తేదీ దగ్గర పడుతుంటుంది. పగలంతా పనుల్లో ఇవేవీ గుర్తు రావు. లైటు ఆర్పగానే ఒక్కొక్కటే వచ్చి మంచం చుట్టూ నిలబడతాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? ఎవరికీ చెప్పం, మింగేస్తాం. మింగిందంతా దవడలో, మెడలో, కడుపులో గట్టిపడి కూర్చుంటుంది. పొద్దున పిల్లోడు పాలు ఒలికిస్తే వాడి వీపు మీద పడేది ఆ రాత్రి కోపమే. వాడేం చేశాడు పాపం?

దీనికి స్వీయ హిప్నాటిజం పనికొస్తుంది అంటే కళ్లు పెద్దవి చేస్తావు, నాకు తెలుసు. ఎవరో వచ్చి మనల్ని వశం చేసుకుంటారేమో, మనసులో దాచుకున్నవన్నీ కక్కిస్తారేమో అని భయం. స్టేజీ మీద చూసినవాళ్లకు ఆ భయం సహజమే. కానీ మన బి.వి.పట్టాభిరామ్ గారిని గుర్తు చేసుకో. 2025లో ఆయన పోయారు. మెజీషియన్‌గా పేరు తెచ్చుకున్న మనిషే మనస్తత్వశాస్త్రం చదివి, కౌన్సెలింగ్ చేసి, హిప్నాటిజం మీద తెలుగులో పుస్తకాలు రాశారు. ఇంగ్లండ్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే డాక్టరు 1840ల్లోనే రోగుల చేత మెరిసే వస్తువును తదేకంగా చూపించి, మహిమ చూపించేవాడిలో లేదు, చూసేవాడి ఏకాగ్రతలోనే ఉందని గట్టిగా చెప్పాడు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1955లో హిప్నాటిజాన్ని వైద్యంలో వాడుకోవచ్చని ఒప్పుకుంది.

అంత దూరం ఎందుకు, వజ్రకరూరు మనకు పక్కనే కదా. తొలకరి వాన పడగానే ఆ చేలల్లో వజ్రాల కోసం జనం ఎలా వెతుకుతారో చూశావా? పొద్దున వంచిన తల మధ్యాహ్నానికి కూడా ఎత్తరు. ఆకలి తెలీదు, ఎండ తెలీదు, పేరు పెట్టి పిలిచినా వినపడదు. అంతసేపూ వాళ్లకు ఇంట్లో అప్పు గుర్తుంటుందంటావా? అలా మనసు ఒక్కచోట నిలబడి మిగతావన్నీ పక్కకు తప్పుకోవడమే దీనికి మూలం. మగ్గం మీద కూర్చున్న మనవాళ్లకూ అది రోజూ అనుభవమే. మనం చేయబోయేదల్లా ఆ స్థితిని కావాలని తెచ్చుకోవడం. తెలివి తప్పదు. పిల్లోడు ఏడిస్తే లేచి వెళ్లగలవు.

సరే, ఎలాగో చెప్తాను. పొయ్యి కట్టేశాక, పిల్లలు పడుకున్నాక గోడకు ఆనుకుని కూర్చో. నిద్ర కోసమే అయితే పడుకునే చెయ్, తప్పేం లేదు. ఎదురుగా కాస్త ఎత్తులో ఏదో ఒక చుక్క ఎంచుకో, క్యాలెండర్ తగిలించిన మేకైనా సరే. తల ఎత్తకు, కళ్లు మాత్రమే ఎత్తి చూడు. ఊపిరి పీల్చేటప్పుడు నాలుగు అంకెలు, వదిలేటప్పుడు ఆరు అంకెలు లెక్కపెట్టు. ఊపిరి నిదానంగా వదిలేకొద్దీ గుండె దడ నెమ్మదిస్తుంది. అలా పైకి చూసే కళ్లు తొందరగానే అలిసిపోతాయి, రెప్పలు బరువెక్కుతాయి. మూసెయ్.

ఇప్పుడు కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ తలుచుకుంటూ వదులు చేసుకుంటూ పైకి రా. పిక్కలు, నడుము, భుజాలు. దవడ దగ్గర ఇంకాస్త ఆగు, మన ఆడవాళ్ల కోపమంతా అక్కడే దాక్కుంటుంది. పై పళ్లు, కింది పళ్లు అంటుకోకుండా ఉంచు. తర్వాత పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెడుతూ, నీకు బాగా తెలిసిన గుడి మెట్లు ఒక్కోటీ దిగుతున్నట్టు ఊహించుకో. మధ్యలో లెక్క తప్పితే కంగారు పడకు, గుర్తున్న చోట నుంచి దిగు.

దిగాక ఎడమ చేతి పిడికిలి బిగించు. ఇవాళ నిన్ను కుదిపిన సంగతి ఒక్కటి తలుచుకో. ఒక్కటే సుమా! పెళ్లినాటి నుంచి జరిగినవన్నీ తవ్వుకోకు. ఆ కోపమో, భయమో ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూడు. దాన్ని భుజం మీదుగా, మోచేతి మీదుగా పిడికిట్లోకి జారనివ్వు. ఇంకా గట్టిగా బిగించు. ఇప్పుడు ఊపిరి వదులుతూ ఒక్కో వేలే విప్పు. మన గాలి సంగతి నీకు తెలుసు, ఊరికేనా ఇక్కడ ఇన్ని గాలిమరలు పాతారు? లోపలిదంతా ఆ గాలికి వదిలేస్తున్నాననుకో. కన్నీళ్లొస్తే రానీ, తుడుచుకోవద్దు.

చెయ్యి ఖాళీ అయ్యాక కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, నీ ఒళ్లు హాయిగా ఉన్న గడియ ఒకటి గుర్తు తెచ్చుకో. విత్తనానికి సరిపడా పదునైన రోజు మట్టి వాసన కావచ్చు, పుట్టింట్లో జేజి పెట్టిన ఉగ్గాని కావచ్చు. ఆ గడియలో ఉండగానే నీకు నువ్వు ఒక చిన్న మాట చెప్పుకోవాలి. ఇక్కడ నా మాట విను. ‘నాకు భయం లేదు’ అనకు, అంటే మళ్లీ భయమే గుర్తొస్తుంది. ‘అప్పు తీరిపోయింది’ అనీ అనకు, మనసు నమ్మదు. ‘నా ఒళ్లు తేలికపడుతోంది, రేపు ఒక్క పని చూసుకుంటాను’ అను, చాలు. చివరికి ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి, కాళ్లూ చేతులూ కదిపి కళ్లు తెరువు. మొత్తం పది నిమిషాలు. బండి మీదా, పొయ్యి దగ్గరా, మోటారు దగ్గరా మాత్రం దీని జోలికి పోకు.

మొదటి రాత్రే ఏదో అద్భుతం జరగాలని పట్టుబట్టకు. నిద్ర పట్టాలి, పట్టాలి అని బలవంతం చేసేకొద్దీ పారిపోదూ? ఫ్రాన్స్‌లో ఎమిల్ కుయే అనే మందుల షాపాయన వందేళ్ల కిందటే ఈ సంగతి పట్టుకున్నాడు. ఇరవై ముళ్లు వేసిన దారం ఒకటి తీసుకోమనేవాడు. నిద్రమత్తు వచ్చే వేళ ఒక్కో ముడీ వేళ్లతో తడుముతూ మంచిమాట ఇరవైసార్లు గొణుక్కోవాలి, ఏ పట్టుదలా లేకుండా. మన ఇళ్లలో దారానికి కొదవా? ఒకటి తెంపి ముళ్లు వేసి దిండు కింద పెట్టుకో.

ఆ ‘రేపు ఒక్క పని’ అన్నావు చూడు, అది మర్చిపోవద్దు. వడ్డీ ఎంతో కాగితం మీద రాయడం, సంఘంలో నోరు తెరిచి గడువు అడగడం, అత్తతో ఒక్క మాట నిదానంగా చెప్పడం. ఏదో ఒకటి. ఈ సాధన వల్ల వాన రాదు, బాకీ తగ్గదు. తెల్లవారాక వాటితో తలపడటానికి కాస్త నిద్రపోయిన ఒళ్లు, పిల్లల మీద అరవని నోరు మిగులుతాయి. నాకైతే అదే పెద్ద సంగతి అనిపిస్తుంది.

కొన్నిటికి మాత్రం ఇది వద్దు. లేని మాటలు వినపడుతున్నా, మూర్ఛ జబ్బు ఉన్నా, ఎప్పటిదో పెద్ద గాయం కళ్లు మూయగానే మీదపడుతున్నా సొంతంగా చేయకు. అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరుకు చూపించుకో. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చెయ్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సిందేం లేదమ్మా, జ్వరమొస్తే మాత్ర అడగమూ?

ఇంటాయనకూ నేర్పు. మగవాళ్లు మనకన్నా ఎక్కువ మింగుతారు, బయటికి చెప్పరు. బెంగళూరు నుంచి ఫోన్ చేసినప్పుడు ముందు కంతు సంగతి ఎత్తకుండా, ఆ ఊపిరి లెక్క ఇద్దరూ కలిసి ఐదు నిమిషాలు చేయండి, తర్వాత డబ్బుల మాటలు. ఇంకోటి. మందు కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా ఇంట్లో మూలన ఉంటే, రేపే దాన్ని చేను దగ్గరి గదిలో పెట్టించి తాళం వేయించు. తాళంచెవి నీ దగ్గరా వద్దు, ఆయన దగ్గరా వద్దు. మీ ఇద్దరూ నమ్మే మనిషికి ఇచ్చెయ్. రేపు సాయంత్రం నేను ఫోన్ చేసి అడుగుతాను, ఇచ్చావా లేదా అని.