సందేశము - దానిని చదువు సాధనము

మన బాలబాలికలు చూచు జపాను బొమ్మల చిత్రములను వ్యర్థకాలక్షేపమని త్రోసివేయుట సులభము. కాని వానిలో తల్లిదండ్రులకును పాఠము చెప్పున దొకటి కలదు. అది 1998లో ప్రారంభమైన 'కౌబాయ్ బీబాప్' అను ధారావాహికలోని 18వ భాగము.

కథాకాలము 2071. గ్రహముల నడుమ నేరస్థులను వెంటాడి పట్టి జీవించువారి నౌకకు, ఫే అను యువతి పేర నొక పాత వీడియో టేపు వచ్చును. అది బీటామాక్సు పద్ధతిది. గ్రహాంతరయానము చేయు ఆ నౌకలో ఈ చిన్న టేపును చూపు యంత్రము లేదు. మిత్రు లిద్దరు భూమికి దిగి, శిథిలభవనపు భూగర్భమున వెదకి, యంత్రము నొకదానిని మోసికొని వత్తురు. తీరా అది వి.హెచ్.ఎస్. యంత్రము, ఆ టేపునకు పనికిరాదు. పిమ్మట సరియైన యంత్రము వేరొక పార్సెలులో వచ్చును. టేపులో కనబడునది బాలికగా నున్న ఫేయే. పదేండ్ల తరువాతి తనకు ధైర్యము చెప్పుచు ఆమె పంపుకొన్న సందేశమది. దీర్ఘనిద్రానంతరము జ్ఞాపకము కోల్పోయిన ఫే ఆ బాలికను ఎరుగదు.

ఆ యంత్రముల భేదము కల్పన కాదు. బీటామాక్సును సోనీ 1975లోను, వి.హెచ్.ఎస్.ను జె.వి.సి. 1976లోను వెలువరించెను. ఒకదాని టేపు మరొకదానిలో ఆడదు. రెండవది బజారున గెలువగా, మొదటిదాని యంత్రముల తయారీ 2002లో నిలిచిపోయెను.

భూగర్భమున నిలిచిన పాత యంత్రము ఆకసపు వార్తను చదివిన ఉదంతము మన కోలారు బంగారు గనులలోనే జరిగెను. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2,300 మీటర్ల లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఒసాకా సిటీ, డర్హం విశ్వవిద్యాలయములవారితో కూడి న్యూట్రినోల జాడ కనుగొనిరి. విశ్వకిరణములు వాయుమండలమును తాకగా పుట్టు న్యూట్రినోలను మొట్టమొదట పట్టిన రెండు ప్రయోగములలో నిది యొకటి. మరొకటి దక్షిణాఫ్రికా బంగారు గనిలో జరిగెను. మీది శిల ఇతర కణములను ఆపివేయును. న్యూట్రినో మాత్రము చొచ్చుకొని వచ్చి, బహు అరుదుగా, శిలలో వేరొక కణమును పుట్టించును. ఆ కణము సాగిన దారిలో నియాన్ నింపిన గాజు గొట్టములు వెలుగగా, కెమెరా వానిని ఫిలిముపై పట్టెను. చదువ నేర్చినవారికి అది వార్త. ఇతరులకు వట్టి చుక్కల వరుస.

గనులు 2001లో మూతపడినవి. అచ్చట పని చేయవచ్చిన తెలుగు కుటుంబముల పెట్టెలలో తాతల ఉత్తరములు, పద్దుల పుస్తకములు, శుభలేఖలు నేటికిని ఉండవచ్చును. పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచున్నను, అక్షరములు రానిచో ఆ ఉత్తరములు ఆడని టేపులే. కాగితమును భద్రపరచుట సగము పని. చదువువానిని తయారుచేయుట మిగిలిన సగము.

ఇది కష్టసాధ్యము కాదు. కన్నడ తెలుగు లిపులు ఒకే మూలమునుండి వచ్చినవి. కన్నడము చదువు బాలునకు తెలుగక్షరములు త్వరలో పట్టుబడును. కావున తల్లిదండ్రులకు మా మనవి: వారమున కొకనాడు పెట్టె తెరచి, ఒక పాత ఉత్తరమును బిడ్డచేత బిగ్గరగా చదివింపుడు. వ్రాసినవారెవరో, ఏ ఊరివారో మీరు చెప్పుడు. ఫే వలె మన బిడ్డ తనవారి మాట విని "వీరెవరు?" అని అడుగు దినము రాకుండుగాక.