విదేశ పర్యాటకుల మారుతున్న అలవాట్లు, వినోదోద్యానాల రాబడి: హాంగ్‌కాంగ్ అనుభవం

2018వ సంవత్సరంలో హాంగ్‌కాంగ్ నగరానికి బయటనుండి వచ్చిన పర్యాటకుల సంఖ్య 6 కోట్ల 51 లక్షలు. ఆ నగర జనాభా చూడబోతే 75 లక్షలు. అనగా ఇంటివాడు ఒక్కడికి అతిథులు ఎనిమిది మందికి పైబడి వచ్చారన్నమాట. అంతటి జనప్రవాహం వచ్చిన సంవత్సరంలోనే అక్కడి సుప్రసిద్ధమైన ఓషన్ పార్కు నష్టంలో నడిచినది. అంతకు ఐదేళ్ళ ముందు, పర్యాటకుల సంఖ్య ఇంకను 5 కోట్ల 43 లక్షలుగా ఉన్నపుడు, ఆ పార్కును ఏడాదికి 75 లక్షలకు మించిన జనం చూచారు. 2018 నాటికి ఆ సంఖ్య 60 లక్షల లోపుకు దిగినది. ఊరికి వచ్చేవారు పెరుగుతుంటే పార్కుకు వచ్చేవారు తరిగిపోవుట ఏమి విచిత్రం? ఈ ప్రశ్నకు సమాధానం పర్యాటకుల సంఖ్యలో దొరకదు. వారి అలవాట్లలో దొరుకుతుంది.

ముందుగా థీం పార్కు అనగా ఏమో కొంచెం చెప్పుకొనవలసి ఉన్నది. ఒక కథనో, ఒక లోకాన్నో ఆధారంగా చేసుకొని, ప్రవేశ రుసుముతో ఒక దినమంతా గడుపుటకు నిర్మించిన వినోదోద్యానం అది. మన హైదరాబాదు సమీపంలోని రామోజీ ఫిల్మ్ సిటీ చూచినవారికి ఆ ఏర్పాటు బోధపడగలదు. ఈ వ్యాపారంలో పెద్ద చిక్కు ఒకటున్నది. జనం వచ్చినా రాకపోయినా ఖర్చు దాదాపు ఒక్కటే. తిరిగే యంత్రాలను ప్రతిదినం పరీక్షించాలి, సొరచేపకు ఆహారం వేయాలి, కొలనుల నీటిని శుభ్రపరచాలి, సిబ్బందికి జీతాలివ్వాలి. రైలు కదిలిపోయిన తరువాత ఖాళీ బెర్తును ఎవరికీ అమ్మలేనట్లే, ఈనాడు అమ్ముడుపోని టికెట్టును రేపు అమ్ముకొనుటకు వీలులేదు. వచ్చే జనంలో పదింట ఒక వంతు తగ్గితే లాభంలో పోయేది పదింట ఒక వంతు కాదు; ఒక్కొక్కసారి లాభమంతా పోతుంది.

హాంగ్‌కాంగ్‌లో ఇటువంటి పెద్ద ఉద్యానాలు రెండు. మొదటిది 1977 జనవరిలో ప్రారంభమైన ఓషన్ పార్కు. అక్కడి జాకీ క్లబ్ విరాళంతో నిర్మితమై, 1987లో చట్టబద్ధమైన స్వతంత్ర సంస్థగా మారినది. ఇది లాభాలు పంచుకొనే వాటాదారులు లేని సంస్థ. రెండవది 2005 సెప్టెంబరు 12న లాంటావ్ ద్వీపంలో తెరచిన హాంగ్‌కాంగ్ డిస్నీలాండ్. అమెరికా సంస్థ పేరుతో నడిచేదైనను అందులో సగానికి మించిన వాటా హాంగ్‌కాంగ్ ప్రభుత్వానిది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. పార్కు ద్వారం వద్ద జనం పలచబడితే దాని భారం చివరకు పన్ను కట్టే పౌరునిపై పడుతుంది.

అయితే ఆ జనం ఎవరు? అత్యధికులు చైనా ప్రధాన భూభాగంనుండి వచ్చేవారు. వారిని విదేశీయులనుట రాజకీయంగా సరికాదు. షెన్‌జెన్ నది దాటితే చాలు, సముద్రం దాటనవసరం లేదు. కాని నాణెం వేరు, సరిహద్దు తనిఖీ వేరు, ప్రయాణానికి ప్రత్యేకమైన అనుమతి పత్రం కావాలి. కనుక పార్కు లెక్కల దృష్టిలో వారు విదేశ పర్యాటకులతో సమానమే. 2003కు ముందు వారిలో విహారానికి వచ్చేవారు బృందాలుగానే రావలసి ఉండేది. ఏజెంటు ఎక్కడికి తీసుకొనిపోతే అక్కడికే బస్సు వెళ్ళేది. ఆ సంవత్సరం సార్స్ వ్యాధితో నగర వ్యాపారం కుప్పకూలగా, జూలై 28నుండి గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని నాలుగు పట్టణాల వారు ఒంటరిగా కూడ రావచ్చునని అనుమతించారు. క్రమంగా ఆ పట్టణాలు 49 అయినవి. ఇక పర్యాటకుడు ఎక్కడికి పోవాలో ఏజెంటు నిర్ణయించే దినాలు తీరిపోవుట మొదలైనది. మొదట్లో ఇది పార్కులకు వరమే అయినది. బృందంలో రానివారు కూడ కుటుంబాలతో తరలివచ్చారు.

ఆ కొత్త అతిథి అలవాట్లు తెలియనందువలన కలిగిన కష్టానికి ఒక ఉదాహరణ చాలును. డిస్నీలాండ్ తొలినాళ్ళలో ఆరు నెలలలో ఏ దినమైనను వాడుకొనదగిన టికెట్లు అమ్మేది. రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని ప్రత్యేక దినాలకు మాత్రం అవి చెల్లవు. 2006లో చైనా నూతన సంవత్సరం జనవరి 29న వచ్చినది. హాంగ్‌కాంగ్‌లో సెలవులు మూడు దినాలు కాగా, ప్రధాన భూభాగంలో వారం దినాలు. ప్రత్యేక దినాల పట్టిక తయారుచేసినవారు హాంగ్‌కాంగ్ సెలవులను చూచారే గాని నదికి అవతలి క్యాలెండరును చూడలేదు. ఫిబ్రవరి తొలి దినాలలో టికెట్లు చేతపట్టుకొని వచ్చిన వేలాది జనం ద్వారం వద్ద నిలిచిపోయారు. లోపల చోటులేదని గేట్లు మూయగా, కొందరు తల్లిదండ్రులు ఇనుప కంచె మీదుగా పసిపిల్లలను లోపలికి అందించారు. ఆ చిత్రాలు ప్రపంచమంతటా ప్రచురితమైనవి. ఆపైన ఆ సంస్థ తన పట్టికలో ప్రధాన భూభాగపు సెలవులను కూడ చేర్చినది. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థి గ్రహింపవలసిన విషయమొకటి ఇందులో ఉన్నది: గిరాకీ ఎంత అనే ప్రశ్న ఒక్కటే చాలదు, ఏ దినమున అనే ప్రశ్న కూడ అడగవలెను.

2009 ఏప్రిల్‌లో మరొక మార్పు వచ్చినది. షెన్‌జెన్ స్థిర నివాసులు ఏడాది కాలంలో ఎన్నిసార్లయినను వచ్చిపోవచ్చునన్నారు. ఎప్పుడంటే అప్పుడు రాగలిగినవాడు ఒక్కరోజుకే వస్తాడు. ఉదయం వచ్చి సాయంత్రం పోతాడు. పైగా వచ్చినవారిలో అనేకుల దృష్టి వినోదంపై లేదు. 2008లో చైనాలో పాలపొడి కల్తీ బయటపడిన తరువాత పసిపిల్లల పాల డబ్బాలకొరకు హాంగ్‌కాంగ్ దుకాణాలపై పడినవారు ఎందరో! స్థానిక తల్లులకు డబ్బా దొరకక, 2013 మార్చినుండి మనిషికి రెండు డబ్బాలకు మించి సరిహద్దు దాటించరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టవలసి వచ్చినది. సరిహద్దు లెక్కలో పాలడబ్బాలకు వచ్చినవాడు కూడ పర్యాటకుడే. పార్కు లెక్కలో అతడు లేడు. 2018నాటి 6 కోట్ల 51 లక్షల మందిలో 3 కోట్ల 50 లక్షలకు పైగా ఆ రాత్రి హాంగ్‌కాంగ్‌లో బస చేయనివారే. నా మొదటి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడనే ఉన్నది. ఎనిమిది గంటలు మాత్రమే చేతిలో ఉన్నవాడు వాటన్నిటిని ఒక్క పార్కుకు ధారపోయడు.

మిగిలిన సగం 2014 తరువాతి చరిత్ర. ఆ సంవత్సరం డిస్నీలాండ్‌కు 75 లక్షలమంది వచ్చారు. వారిలో దాదాపు సగం ప్రధాన భూభాగంవారు. అది శిఖరం. తరువాతి రెండేళ్ళలో మొత్తం 61 లక్షలకు పడిపోయినది. ప్రధాన భూభాగంవారి వాటా మూడింట ఒక వంతు పైచిల్లరకు తగ్గినది. ఇందుకు రాజకీయ కారణాలను చెప్పేవారున్నారు. 2014 శరత్కాలంలో వీధులలో సాగిన ఆందోళన, 2015 ఆరంభంలో సరకులు మోసుకొనిపోయే వర్తకులపై నిరసనలు, ఏప్రిల్‌లో షెన్‌జెన్‌వారి రాకపోకలను వారానికొకసారికి పరిమితం చేయుట, ఇవన్నీ నిజమే. అయితే నా అభిప్రాయంలో అవి ప్రధానం కావు. గొడవలు సద్దుమణిగి 2018లో పర్యాటకులు రికార్డు సంఖ్యలో వచ్చినప్పటికిని ఓషన్ పార్కు కోలుకొనలేదు గదా! అసలు కారణం, ఆ పర్యాటకునికి ఇతర ద్వారాలు తెరచుకొనుట. 2015 జనవరిలో జపాన్ చైనీయులకు వీసా నిబంధనలు సడలించినది. యెన్ అప్పటికే చౌకగా ఉన్నది. హాంగ్‌కాంగ్ నాణెమో, 1983నుండి అమెరికా డాలరుకు ముడిపడి ప్రియమైనది. 2014లో 24 లక్షలుగా ఉన్న చైనా యాత్రికులు 2015లో జపాన్‌కు 50 లక్షల వరకు వెళ్ళారు. మొదటిసారి విదేశ ప్రయాణానికి హాంగ్‌కాంగ్‌ను ఎన్నుకొన్న కుటుంబం రెండవసారికి ఒసాకాను ఎన్నుకొన్నది.

అంతకన్న పెద్ద దెబ్బ ఇంటిదగ్గరనే తగిలినది. 2014లో జూహై వద్ద హెంగ్‌చిన్ ద్వీపంలో చైమ్‌లాంగ్ అనే సంస్థ బ్రహ్మాండమైన సముద్ర ఉద్యానాన్ని ప్రారంభించినది. ఇక తిమింగిల సొరను చూచుటకు సరిహద్దు పత్రమెందుకు? 2016 జూన్ 16న షాంఘైలో డిస్నీలాండ్ వెలసి తొలి ఏడాదిలోనే కోటిమందికి పైగా ఆకర్షించినది. ఇందులో ఒక వింత ఉన్నది: హాంగ్‌కాంగ్ డిస్నీలాండ్‌కు పోటీ వచ్చినది దాని భాగస్వామియైన డిస్నీ సంస్థ నుండియే. హాంగ్‌కాంగ్ పౌరుడు మాత్రం రెండిటిలో ఒక్కదానికే యజమాని.

ఈ నష్టాల భారం ఎంత అనుటకు ఒక చిన్న లెక్క వేయవచ్చు. 2019 అలజడి, 2020లో కరోనా వచ్చి సరిహద్దు మూతపడిన తరువాత ఓషన్ పార్కును నిలబెట్టుటకు ప్రభుత్వం 2020లో సుమారు 540 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు, 2021లో మరి 280 కోట్లు కేటాయించవలసి వచ్చినది. జనాభాతో భాగిస్తే తలకు సుమారు 1,100 డాలర్లు. పార్కులో ఎన్నడు అడుగుపెట్టని వృద్ధుని వాటా కూడ అందులో ఉన్నది. ఇది తగునా, తగదా అని అక్కడ తీవ్రమైన చర్చ జరిగినది. మూతవేస్తే వేలాది ఉద్యోగుల గతి, మూగజీవాల గతి ఏమని ఒక పక్షం. ఇతరుల సెలవు దినాల చపలత్వానికి మన ఖజానా జామీను ఉండుట ఏమని మరొక పక్షం. రెండవ వాదంలో పస ఎక్కువని నాకు తోచినను, మొదటి వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. ఇక్కడ టోక్యోతో పోల్చి చూడవలెను. 1983లో ప్రారంభమైన టోక్యో డిస్నీలాండ్ దశాబ్దాలపాటు స్వదేశీ ప్రజలపైననే ఆధారపడి పెరిగినది. కరోనాకు ముందు దాని సందర్శకులలో విదేశీయులు పదింట ఒక వంతు ప్రాంతమే. పొరుగువారి అలవాట్లు మారినా దాని పునాది కదలదు. హాంగ్‌కాంగ్‌కు అంతటి స్వదేశీ జనాభా లేదు.

2023లో సరిహద్దు తిరిగి తెరచుకొన్న పిదప వచ్చిన పర్యాటకుడు పూర్వపువాడు కాడు. యువకుడు, చేతిలో ఫోను, బంగారపు దుకాణం మీద ఆశ తక్కువ. షియావ్‌హొంగ్‌షూ అనే చైనా సామాజిక మాధ్యమంలో చూచిన చోటుకు పోయి, అదే కోణంలో ఫొటో తీసుకొనుట అతని యాత్రలో ముఖ్యభాగం. ఒక్క దినంలో తక్కువ ఖర్చుతో వీలైనన్ని చోట్లు చుట్టివచ్చే ఈ పద్ధతికి చైనీయులు సైనిక ప్రత్యేక దళాల పేరు పెట్టి, పరిహాసంగా 'ప్రత్యేక దళ యాత్ర' అంటారు. క్వారీ బే ప్రాంతంలోని పాత ఇరుకు భవన సముదాయం, కెన్నడీ టౌన్ సముద్రపుటొడ్డు, కొండదారులు అతనికి ప్రదర్శనశాలలు. వీటికి టికెట్టు లేదు! వీధియే వినోదోద్యానమైనపుడు గోడకట్టి రుసుము వసూలు చేసే ఉద్యానం, వీధిలో దొరకనిదానిని చూపవలెను. డిస్నీలాండ్ ఆ పని చేసినది. 2023 నవంబరులో 'ఫ్రోజెన్' చలనచిత్ర లోకాన్ని నిర్మించి తెరచినది. 2024 ఆర్థిక సంవత్సరంలో 77 లక్షలమందితో 2014నాటి రికార్డును దాటి, లాభం కూడ గడించినది. ఓషన్ పార్కుకు 2024 ఆగస్టులో ఇంగ్ ఇంగ్ అనే పాండాకు పుట్టిన కవలలు అదృష్టంగా దొరికినవి. ఒక పార్కు పెట్టుబడి పెట్టినది. మరొక పార్కుకు ప్రకృతి సాయపడినది. రెండవది ప్రణాళిక అనిపించుకొనదు.

మన కళాశాల పాఠకులకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి. ఒక్క పొరుగుపై ఆధారపడుట ప్రమాదమని తెలిసిన తరువాత, ఇండొనేషియా, మలేషియా వంటి దేశాల ముస్లిం కుటుంబాలను ఆకర్షించే ప్రయత్నం హాంగ్‌కాంగ్‌లో ముమ్మరమైనది. డిస్నీలాండ్‌లోని ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ భోజనశాలలో ధ్రువీకృతమైన హలాల్ భోజనం లభిస్తుంది. 2024 అక్టోబరులో ప్రభుత్వం తన వార్షిక విధాన ప్రకటనలోనే ముస్లిం యాత్రికులకు అనుకూలమైన ఏర్పాట్లను ప్రస్తావించినది. నాథన్ రోడ్డులో, బ్రిటిష్ సైన్యంలోని భారతీయ ముస్లిం సిపాయిలకొరకు 1896లో మసీదు వెలసిన నగరానికి ఈ ఆలోచన ఇంత ఆలస్యంగా తట్టుట కొంత ఆశ్చర్యమే. భోజనం విషయంలో నిశ్చింత లేని కుటుంబం పార్కులో పూటకు మించి నిలువదు. నిలువకపోతే లోపల ఖర్చు చేయదు. భారతీయుల విషయంలో మాత్రం అడ్డంకి వంటశాలలో కాక కాగితంలో వచ్చినది. అంతకు మునుపు 14 దినాలు వీసా లేకుండ వెళ్ళగలిగిన మనవారు 2017 జనవరినుండి బయలుదేరుటకు ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకొనవలసి ఉన్నది.

2024 డిసెంబరు 1నుండి షెన్‌జెన్‌వారికి ఎన్నిసార్లయినను వచ్చిపోయే అనుమతి తిరిగి లభించినది. ఈసారి ఆ పట్టణంలో నివాస పత్రం కలిగిన వలస ఉద్యోగులకు కూడ. ఇది 2009నాటి పరిస్థితికే తిరిగి దారితీస్తుందని కొందరి భయం. కాని ఒక తేడా ఉన్నది. ఎప్పుడైనను రాగలిగిన కుటుంబానికి పార్కు వార్షిక పాసు గిట్టుబాటవుతుంది. పాసు కొన్నవాడు సాయంత్రం రెండు గంటలకొరకైనను వచ్చిపోతాడు. అటువంటివానిని లెక్కలో పర్యాటకుడని వ్రాయాలో, స్థానికుడని వ్రాయాలో పార్కు గుమాస్తాలు ఇక తేల్చుకొనవలసి ఉంటుంది.