మాట, వ్రాత, సాక్షి

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు పూర్వము రేనాడు అను సీమలో చేరియుండెను. క్రీ.శ. 6వ శతాబ్దమునుండి ఈ సీమను రేనాటి చోళులు పాలించిరి. ఎఱ్ఱగుంట్ల మండలమునందలి కలమళ్ల గ్రామ దేవాలయమున వారి శాసన మొకటి కలదు. అది క్రీ.శ. 575 ప్రాంతమున చెక్కబడినదని పండితుల అభిప్రాయము. మనకు లభించిన తెలుగు శాసనములలో ఇది మొదటిదని ప్రసిద్ధి.

ఈ రాజుల శాసనములలో పెక్కులు దానపత్రములు. ఇచ్చినవారెవరు, పుచ్చుకొన్నవారెవరు, ఇచ్చిన దేమి అను విషయములు వానిలో కానవచ్చును. ఎఱ్ఱగుడిపాడు శాసనమున సాక్షుల పేర్లు కూడ కలవు. ఆ కట్టడిని తప్పినవానికి మహాపాతకము చుట్టుకొనునని తుదిని హెచ్చరికయు కలదు. విద్యార్థులారా! మన పూర్వులు తెలుగు మాటలను రాతిపై చెక్కించిన తొలినాళ్లలోనే, ఇచ్చిన మాటను నిలువబెట్టుటకు వానిని వినియోగించిరని గమనింపుడు.

రాతిపై చెక్కింపనేల? దాత మరణించును, అతని వారసుడు ఆ దానము నెఱుగననవచ్చును. కావున మాటకు వ్రాత కావలెను, చూచినవారు కావలెను, తప్పినవానికి భయము కావలెను. ఆ భయమును నాడు శాపవాక్యము కలిగించెను. నేడు న్యాయస్థానము కలిగించుచున్నది.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుపొందిన పట్టణము. అచట నొక వర్తకుడు మరియొకనికి 50,000 రూపాయలు అప్పిచ్చి ప్రామిసరీ నోటు వ్రాయించుకొన్నాడనుకొందము. అడిగినప్పుడు చెల్లింతునని బాకీదారుడు రెవెన్యూ స్టాంపుపై సంతకము చేయును. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, ఆ నోటుపై మూడేండ్లలోపల దావా వేయవలెను. గడువు ముగియకముందే బాకీదారుడు కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో, ఆనాటినుండి మరల మూడేండ్ల గడువు లభించును. చట్టము ఋణదాతను అశ్రద్ధగా నుండవద్దని హెచ్చరించుచున్నది. బాకీదారుని యెడల ఋణదాతకును బాధ్యత కలదు. అప్పు పూర్తిగా తీరిన వెంటనే అతడు నోటును తిరిగి ఇచ్చివేయవలెను.

వ్రాసినదంతయు చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఇరుపక్షముల సమ్మతియు స్వేచ్ఛగా ఉండవలెను. బెదిరించియో మోసగించియో చేయించుకొన్న ఒప్పందమును, నష్టపడినవాడు రద్దుచేయించుకొనవచ్చును. పదునెనిమిదేండ్లు నిండనివారు చేసిన ఒప్పందము వారిని బంధింపదు. కావున బలహీనుని కాపాడుటయు ఒప్పందముల ధర్మములో భాగమే.

వివాదము కలిగినప్పుడు వాదిప్రతివాదులు న్యాయస్థానము నాశ్రయింతురు. ఇరువురును రాజీ కోరినచో లోక్ అదాలతు కలదు. 1987 నాటి చట్టము ప్రకారము అచట జరిగిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉండును. దానిపై అప్పీలు లేదు. కోర్టులో చెల్లించిన రుసుము తిరిగి ఇయ్యబడును.

వ్యక్తులవలెనే రాజ్యములును ఒప్పందములు చేసికొనును. 1800 అక్టోబరు 12వ తేదీ నాటి సంధిచే నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. కంపెనీ సైన్యమును తన రాజ్యమున నిలుపుకొనుటకగు వ్యయమునకు ఇది బదులు. అందుచేతనే ఈ జిల్లాలకు దత్తమండలములని పేరు వచ్చెను. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఇచటి రైతుల నడుగలేదు.

నేటి సంధులలో వ్యక్తి హక్కులకు కొంత చోటు కలదు. నేరస్థుల అప్పగింత ఒప్పందములే ఇందులకు నిదర్శనము. ప్రొద్దుటూరిలో మోసముచేసి ఒకడు అమెరికాకు పారిపోయెననుకొందము. ఇచటి న్యాయస్థానపు వారెంటు అచట తనంత తాను చెల్లదు. 1997లో భారత, అమెరికా దేశములు చేసికొన్న ఒప్పందము ప్రకారము మన ప్రభుత్వము అతనిని అప్పగింపుమని కోరవలెను. అతని చర్య ఉభయదేశములందును నేరమై యుండవలెను. ఏ నేరమునకు అప్పగించిరో సామాన్యముగా ఆ నేరమునకే విచారింపవలెను. పరారియైన నిందితుని యెడల సైతము మాట తప్పరాదని దీని భావము.

అయితే న్యాయస్థానమునకు ఎక్కింపరాని మాటలును కొన్ని కలవు. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమైన శ్రీబాగులో తెలుగు నాయకులు ఒక ఒడంబడిక చేసికొనిరి. రాయలసీమ పక్షమున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు ప్రభృతులును, కోస్తా పక్షమున భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ప్రభృతులును అందు పాల్గొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగమున రాయలసీమకును నెల్లూరునకును పదియేండ్లపాటు ప్రాధాన్య మీయవలెననియు, రాజధాని, హైకోర్టులలో ఏది తమకు కావలెనో రాయలసీమవారే కోరుకొనవలెననియు అందు వ్రాయబడినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగా కర్నూలు రాజధాని అయ్యెను. హైకోర్టు గుంటూరుకు వచ్చెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు రెండును హైదరాబాదుకు చేరెను. ఆ ఒడంబడిక చట్టము కాలేదు. దానిని నిలువబెట్టవలసినవి నాయకుల మనస్సాక్షియు, ప్రజల జ్ఞాపకమును మాత్రమే. అది పూర్తిగా నెరవేరలేదని ఈ సీమవారు నేటికిని చెప్పుకొనుచున్నారు.

నీటి మాట మిక్కిలి ఆలస్యముగ కొంత ఫలించెను. తుంగభద్ర ఎగువ కాలువ నీరు జమ్మలమడుగు చెంతనున్న మైలవరము జలాశయమునకును, పులివెందుల కాలువకును ఉద్దేశింపబడినది. పిమ్మట గాలేరు నగరి పథకము క్రింద గండికోట జలాశయము వెలసెను. కాని నీరు నిలిచినచోట ఊళ్లు మునిగెను. ఇండ్లను, పొలములను విడిచిన కుటుంబములకు పరిహారమును పునరావాసమును కల్పించుట ప్రభుత్వమునకు విధి. 2014 జనవరి 1వ తేదీనుండి అమలులోనున్న భూసేకరణ చట్టమును ఈ విధిని స్పష్టపరచుచున్నది. ఒక సీమకు ఇచ్చిన మాట నెరవేర్చుటకై మరియొక ఊరికి ఇచ్చిన మాటను తప్పుట న్యాయము కాదు.

బాలలారా! బలహీనుడు మాట తప్పినచో దావాయు జప్తును కలవు. బలవంతుడు తప్పినచో అతని నడుగుట కష్టము. కావున చదువుకొన్నవారు దస్తావేజును శ్రద్ధగా చదువవలెను. చదువురానివారికి చదివి వినిపింపవలెను. సాక్షిగా సంతకము చేసినచో సత్యమునే పలుకవలెను. రేనాటి రాజులు రాతిపై సాక్షుల పేర్లు వ్రాయించినది ఈ ధర్మము నిలుచుటకొరకే.