సీతారాముల తొలిచూపు – హనుమ మోసిన గుర్తులు



కృష్ణాతీరాన, హైదరాబాదు–కర్నూలు జాతీయ రహదారి ప్రక్కన వెలసిన బీచుపల్లి క్షేత్రంలో ఆంజనేయస్వామిని మనం బలానికీ, ధైర్యానికీ, అభయానికీ నిలయంగా కొలుస్తాము. సుందరకాండను శ్రద్ధగా చదివినవారికి స్వామి మరొక రూపంలో కూడ దర్శనమిస్తాడు. ఎడబాసిన భార్యాభర్తల మనస్సులను కలిపిన దూత ఆయన. కనుక సీతారాముల అనురాగాన్ని గురించి విచారించడానికి ఆయన సన్నిధి తగిన చోటు.

ఈ విచారణకు కారణం ఒక ప్రశ్న. ప్రవచనాలు ముగిసిన పిమ్మట తల్లిదండ్రులు నన్ను తరచుగా ఇలా అడుగుతుంటారు: "టీవీ రామాయణంలో సీతారాములు పెండ్లికి ముందే పూలతోటలో ఒకరినొకరు చూచుకొన్నారు. అది నిజంగా రామాయణంలో ఉన్నదా? ఎదిగిన పిల్లలతో కూర్చొని చూస్తున్నప్పుడు వారికి ఏమని చెప్పాలి?" ఈ ప్రశ్న వెనుక కథాజిజ్ఞాసతోపాటు బిడ్డల భవిష్యత్తును గురించిన భయం కూడ ఉన్నది. కనుక దీనిని తేలికగా దాటవేయరాదు.

పుష్పవాటిక

రామానంద సాగర్ నిర్మించిన 'రామాయణ్' ధారావాహిక 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వరకు ఆదివారం ఉదయాలలో దూరదర్శన్‌లో ప్రసారమైనది. 2020లో లాక్‌డౌన్ సమయాన మరల ప్రసారమైనది. భాష హిందీ అయినా, హరికథలలోనూ తోలుబొమ్మలాటలలోనూ విన్న కథే కావడంతో తెలుగువారు దానిని సులభంగా అనుసరించగలిగారు. అందులోని పూలతోట ఘట్టానికి మూలం గోస్వామి తులసీదాసు రచించిన రామచరితమానసం.

ఆ ఘట్టం ఇట్లా సాగుతుంది. గురువుగారి పూజకు పువ్వులు కోయడానికి రామలక్ష్మణులు జనకుని ఉద్యానానికి వస్తారు. గౌరీపూజకై సీతమ్మ చెలులతో అక్కడికే వస్తుంది. చూపులు కలుస్తాయి. మాటలు లేవు. సీతమ్మ గుడికి మరలి అమ్మవారిని ప్రార్థించగా, అమ్మవారి మెడలోని మాల జారుతుంది. విగ్రహం చిరునవ్వు నవ్వుతుంది. అంటే ఆ కోరికకు దైవానుమతి లభించినదని సంకేతం.

ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. తరువాతి సంగతిని చాలమంది గమనించరు. రాముడు పువ్వులతో గురువు వద్దకు వెళ్లి, జరిగినదంతా దాపరికం లేకుండా చెప్పివేస్తాడు. విశ్వామిత్రుడు కోపగించడు. ఆ పువ్వులతోనే పూజ ముగించి, మీ మనోరథం ఫలించుగాక అని అన్నదమ్ములను ఆశీర్వదిస్తాడు. నా దృష్టిలో ఆ ఘట్టానికి ప్రాణం ఇదే. చెప్పగల శిష్యుడు, వినగల గురువు ఇద్దరూ ఉన్నందువలననే ఆ చూపు పవిత్రమైనది.

వాల్మీకి మార్గం

ఆదికావ్యంలో ఈ పూలతోట లేదు. తమిళంలో కంబమహాకవి కూడ మిథిలావీథిలో నడచే రాముని, మేడపైనున్న సీతమ్మ చూపులను కలిపాడు గాని, వాల్మీకి అట్లా చేయలేదు. ఆయన చెప్పినది వేరు. అత్రిమహాముని ఆశ్రమంలో సీతమ్మ అనసూయాదేవికి తన వివాహకథను స్వయంగా వినిపిస్తుంది. విల్లు విరిగిన వెంటనే జనకుడు కన్యాదానానికి జలపాత్ర చేపట్టినా, తండ్రి దశరథుని అభిప్రాయం తెలియనిదే రాముడు స్వీకరించలేదని అంటుంది. పెద్దలు కూర్చిన భార్య కావడంచేత సీత రామునికి ప్రియురాలైనదనీ, ఆమె గుణాలవలన, సౌందర్యంవలన ఆ ప్రీతి మరింత పెరిగినదనీ బాలకాండ చివర వాల్మీకి పలుకుతాడు.

ఒక కవి అనురాగాన్ని పెండ్లికి ముందు మొలకెత్తించాడు. మరొక కవి పెండ్లి తరువాత. ఇద్దరి కావ్యాలలోనూ పెద్దలకు తెలియని రహస్యం మాత్రం లేదు.

మన తెలుగు పెండ్లిలో ఈ రెండు మార్గాలూ కలిసి ఉన్నాయి. వధూవరుల మధ్య తెర పట్టుతాము. సుముహూర్తాన జీలకర్ర బెల్లం తలలపై ఉంచిన పిమ్మట తెర తొలగుతుంది, చూపులు కలుస్తాయి. అది తొలిచూపే, అయితే బంధువులందరి ఎదుట, అక్షతల నడుమ కలిసిన చూపు.

ఉంగరం, చూడామణి

అనురాగానికి అసలు పరీక్ష వియోగంలో వస్తుంది. హనుమ లంకకు మోసుకొనిపోయినది రామనామాంకితమైన ఉంగరం. దానిని చేత పట్టుకొని సీతమ్మ భర్తనే చేరినంతగా సంతోషించినది. తిరుగు గుర్తుగా చూడామణిని ఇచ్చినది. వస్తువులతో తృప్తిపడక జ్ఞాపకాలను కూడ పంపినది: కాకాసురుని వృత్తాంతం, బొట్టు చెరిగిపోయిన ఒకనాడు రాముడు మనశ్శిల అనే ఎర్రని ధాతువుతో తన చెక్కిలి ప్రక్కన తిలకం దిద్దిన సంగతి. ఆ దంపతులకు మాత్రమే తెలిసిన ఇటువంటి ముచ్చటను మోయడానికి జితేంద్రియుడైన హనుమకంటె తగినవాడెవడు?

చూడామణిని చూచి రాముడు కన్నీరు పెట్టుకొన్నాడు. అది పెండ్లినాడు మామగారు సీతకు ఇచ్చిన మణి. దానిని చూస్తుంటే తండ్రినీ, జనకునీ చూచినట్లున్నదని అన్నాడు. భార్యాభర్తల ప్రేమకు గుర్తైన ఆ మణిలో కూడ రెండు వంశాల పెద్దలు నిలిచి ఉన్నారు.

గృహస్థులకు మనవి

ఇటీవలి పౌరాణిక ధారావాహికలలో చూపును, పూలమాలను, ఉంగరాన్ని సంగీతంతో మరల మరల చూపడం పరిపాటి అయినది. వాటిని చూడవద్దని నేను అనను. చూస్తున్నప్పుడు పిల్లలతో కలిసి రెండు ప్రశ్నలు వేసుకొనవలె. ఈ ప్రేమ పెద్దల ఎదుట చెప్పదగినదేనా? కష్టం వచ్చిననాడు నిలిచేదేనా?

తల్లిదండ్రులకు మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది: మన బిడ్డ వచ్చి మనసు విప్పితే, విశ్వామిత్రునివలె వినగలమా? బిడ్డ దాచినాడని బాధపడేముందు, చెప్పుకొనే చోటు మన ఇంట ఉన్నదో లేదో చూచుకొనడం మేలు. విన్నంతమాత్రాన అన్నిటికీ ఒప్పుకొన్నట్లు కాదు. అయితే వినకుండా చెప్పిన హితం చెవికెక్కదు.

ఈ నెల నాలుగు శనివారాలలో సుందరకాండలోని 36, 38, 40, 66 సర్గలను వారానికొకటి చొప్పున ఇంటిల్లిపాది కూర్చొని, తాత్పర్యంతో చదువుకొనవలసినదిగా ప్రార్థన. సీతారాముల మాటలను ఒకరివి ఒకరికి చేర్చిన స్వామి, మన ఇండ్లలో తల్లిదండ్రులకు బిడ్డల మాటను, బిడ్డలకు తల్లిదండ్రుల మాటను చేర్చుగాక.

స్వస్తి.