పసుపు కణాన్ని చంపుతుందా?

ప్రశ్న: మాది ఆర్మూర్. పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని మార్కెట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: ల్యాబ్‌లో పెంచిన కణాల వరకు నిజమే. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఎక్కువగా మైటోకాండ్రియాలో తయారవుతుంది. వాటిలోకి కాల్షియం కాస్త చేరితే పని చురుకవుతుంది. అతిగా చేరితే పొర దెబ్బతిని సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొస్తుంది. అది కాస్పేజ్ ఎంజైములను లేపుతుంది. ఇక కణం తనను తానే కూల్చుకుంటుంది. కొన్ని క్యాన్సర్ కణాల్లో కర్క్యుమిన్ ఈ దారే తెరిచింది. అయితే పసుపులో కర్క్యుమిన్ ఉండేదే కొద్ది శాతం. తిన్నదాంట్లో రక్తానికి చేరేది మరీ స్వల్పం. ల్యాబ్‌లో వాడిన మోతాదు కూరతో రాదు. పసుపును నమ్ముకుని డాక్టర్ రాసిన మందు మాత్రం మానకండి.